రమ్మన్నప్పుడు అడగని ఆధార్.. డబ్బు ఇమ్మంటే ఎందుకు?

ఐపీఎల్ మొదలైతే చాలు, ఫోన్‌లో ఒకటే గోల. ఇన్‌స్టాలో రీల్ మధ్యలో, ఎవరు చేర్చారో తెలియని టెలిగ్రామ్ గ్రూపులో, పైరసీ సినిమాలు చూపించే సైట్లో.. ఎక్కడ చూసినా అదే ప్రకటన. 'చేరండి చాలు! మీరెంత వేస్తే మేమూ అంత వేస్తాం. 100 శాతం బోనస్!' ఫోన్ నంబరు కొట్టాలి, ఓటీపీ ఎక్కించాలి, అంతే. పేరేంటి, వయసెంత, ఏ ఊరు అన్న ప్రశ్నే ఉండదు. యూపీఐలో 500 పంపితే తెర మీద క్షణాల్లో 1000 కనిపిస్తుంది. బ్యాంకులో ఖాతా తెరవాలంటే ఇన్ని కాగితాలు, ఇన్ని సంతకాలు.. వీళ్లెంత మంచివాళ్లో అనిపిస్తుంది.

ఆ మంచితనం అంతా మీరు 'విత్‌డ్రా' బటన్ నొక్కేదాకే. అది నొక్కగానే అప్పటిదాకా లేని నిబంధనలన్నీ వరసగా దిగుతాయి. ఆధార్ ముందూ వెనకా ఫొటో, పాన్ కార్డు, బ్యాంకు స్టేట్‌మెంట్, కార్డు చేత్తో పట్టుకుని సెల్ఫీ, ఇంటి చిరునామాకి కరెంటు బిల్లు. అన్నీ ఇచ్చాక 'పరిశీలనలో ఉంది, 7 నుంచి 10 పనిదినాలు ఆగండి' అంటారు.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. మా టీమ్ చేసేది ఇదే పని. అప్పులిచ్చే సంస్థలకు, బ్యాంకులకు కస్టమర్ల గుర్తింపు తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్ రాస్తాం. వాడుక భాషలో చెప్పాలంటే కేవైసీ. అందుకే ఈ ఆన్‌లైన్ కేసినోల కేవైసీ గురించి ఎవరైనా చెబితే నాకు వచ్చే మొదటి ప్రశ్న 'ఏం అడిగారు?' అని కాదు, 'ఎప్పుడు అడిగారు?' అని. మొత్తం గుట్టు అంతా ఆ 'ఎప్పుడు'లోనే ఉంది.

తనిఖీ తప్పేమీ కాదు

ముందు న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. డబ్బుతో ఆడించేవాడు ఆడేవాళ్ల గుర్తింపు అడగడం తప్పు కాదు, అడగకపోతేనే తప్పు. దానికి నాలుగు గట్టి కారణాలున్నాయి.

ఒకటి, వయసు. ఇంటర్ చదివే పిల్లాడు నాన్న ఫోన్‌లో ఆడకుండా ఆపాలంటే పుట్టినతేదీ తెలియాలి. రెండు, నల్లడబ్బు. దొంగసొమ్ము కేసినోలో వేసి, నాలుగు ఆటలు ఆడి, 'గెలిచిన డబ్బు' పేరుతో బయటికి తీసుకోవడం ఎప్పటినుంచో ఉన్న ఎత్తు. అందుకే యూరోపియన్ యూనియన్ 2015లో తెచ్చిన ఆదేశంలో 2,000 యూరోలు, అంతకు మించిన లావాదేవీ జరిగితే ఆ మనిషెవరో జూద సంస్థ తెలుసుకుని తీరాలని పెట్టారు. మూడు, ఇక ఆడకూడదని ఒట్టు పెట్టుకున్నవాళ్లు. బ్రిటన్‌లో 'గామ్‌స్టాప్' అని ఒక జాబితా ఉంది. అందులో పేరు రాసుకుంటే అక్కడి లైసెన్స్ ఉన్న ఏ ఆన్‌లైన్ సైటూ వాళ్లని ఆడనివ్వకూడదు. మనిషెవరో తెలియకపోతే ఆ జాబితా ఉండి లాభమేంటి?

నాలుగోది బోనస్‌కి సంబంధించింది. కొత్తగా చేరినవాళ్లకే బోనస్ అంటారు కదా! ఒకే మనిషి పది సిమ్‌లతో పది ఖాతాలు తెరిచి పది బోనస్‌లు నొక్కేస్తే? వాళ్లని ఆపడానికి ఒక మనిషికి ఒకే ఖాతా అన్న నిబంధన పెడతారు. దానికీ గుర్తింపు కావాల్సిందే.

ఈ నాలుగింటినీ జాగ్రత్తగా చూడండి. వయసు తెలియాల్సింది ఆట మొదలుకాక ముందు. ఒట్టు పెట్టుకున్నవాడిని ఆపాల్సింది గుమ్మం దగ్గర. కొత్తవాడో పాతవాడో తేలాల్సింది బోనస్ ఇవ్వకముందు. అంటే ఏ మంచి కారణం చూసినా తనిఖీ ఉండాల్సింది ప్రధానంగా లోపలికి వచ్చే దారిలోనే. పెద్ద మొత్తం చేతులు మారినప్పుడు ఇంకోసారి చూస్తే అదీ అర్థం చేసుకోవచ్చు. కానీ వచ్చేటప్పుడు అసలేమీ చూడకుండా, పోయేటప్పుడు మాత్రమే తలుపు దగ్గర మనిషిని నిలబెడితే దాన్ని తనిఖీ అనరు, అడ్డుకోవడం అంటారు.

ఇంకో మాట. అన్నీ ముందే అడగడం కష్టం, సమయం పడుతుంది అంటారు కొందరు. మా పనిలో రోజూ చూసేదే చెబుతున్నా. కార్డు ఫొటోలోంచి అక్షరాలు చదవడం, పాన్ నంబరు సరైనదో కాదో చూడటం, సెల్ఫీలో ఉన్నది బతికున్న మనిషో లేక ఫొటోకి ఫొటోనో తేల్చడం.. అన్నీ సవ్యంగా ఉంటే ఇదంతా నిమిషాల పని. ఎక్కడో తేడా వస్తేనే మనిషి కూర్చుని చూస్తాడు. అందరికీ ఒకే లెక్కన 10 రోజులంటే అది సాంకేతిక సమస్య కాదు. ఈ 10 రోజుల్లో విసుగొచ్చి, విత్‌డ్రా రద్దు చేసుకుని, ఆ డబ్బుతో మళ్లీ ఆడతారన్న ఆశ. చాలా సైట్లలో 'విత్‌డ్రా రద్దు' బటన్ అంత పెద్దగా కనిపించేది అందుకే.

బ్రిటన్ ఏం చేసింది?

ఈ గొడవ మనకే కొత్తగా రాలేదు. ఆన్‌లైన్ జూదం చట్టబద్ధంగా ఉన్న బ్రిటన్‌లోనూ ఇదే జరిగింది. అక్కడ పాత నిబంధన ప్రకారం వయసు తేల్చుకోవడానికి సైట్లకు 72 గంటల గడువుండేది. ఈలోపు ఆడొచ్చు, పోగొట్టుకోవచ్చు. గెలిచింది తీసుకోవాలంటే మాత్రం కాగితాలు చూపించాలి. 'పోగొట్టుకున్నప్పుడు నేనెవరో అవసరం లేదు, గెలిస్తేనే కావాలా?' అని జనం ఫిర్యాదులు చేశారు.

దాంతో అక్కడి గ్యాంబ్లింగ్ కమిషన్ 2019 మే 7 నుంచి నిబంధన మార్చేసింది. పేరు, చిరునామా, పుట్టినతేదీ సరిచూశాకే ఆడనివ్వాలి. వయసు తేలకుండా డబ్బు వేయనివ్వకూడదు, బోనస్‌తో కూడా ఆడనివ్వకూడదు. ముందే అడగగలిగిన వివరాన్ని అడగకుండా ఊరుకుని, డబ్బు తీసుకుంటానన్నప్పుడు కొత్తగా అడగకూడదు.

చివరి వాక్యం ఇంకోసారి చదవండి. కేవైసీ మంచిదా చెడ్డదా అన్న చర్చకి అంతకంటే సూటి తీర్పు లేదు. అడగొచ్చు, కానీ సమయానికి అడగాలి.

బోనస్ లెక్క ఇదీ

కాగితాల గొడవ సరే, అన్నీ సక్రమంగా ఉన్నాయనుకుందాం. అప్పుడైనా ఆ బోనస్ మనదేనా? కాగితం, పెన్ను తీసుకోండి.

మీరు 10,000 వేశారు, వాళ్లు 10,000 బోనస్ ఇచ్చారు. తెర మీద 20,000. చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంటుంది: 'బోనస్‌కి 35 రెట్లు పందెం కాయాలి'. అంటే 3,50,000 రూపాయల పందేలు కాస్తేగానీ ఒక్క రూపాయి బయటికి రాదు. స్లాట్ ఆటలో 100 కాస్తే సగటున 96 తిరిగొస్తాయనుకుందాం. అలాంటి ఆటలు చాలా ఉన్నాయి. కాసిన ప్రతి 100కీ 4 రూపాయలు ఇంటివాడివి. 3,50,000కి 4 శాతం ఎంత? 14,000. మీ దగ్గరున్న 20,000లో సగటున మిగిలేది 6,000. మీరు జేబులోంచి వేసింది 10,000!

ఇది సగటు మాత్రమే. ఒకరిద్దరు గెలుస్తారు, మిగతావాళ్ల డబ్బు షరతు పూర్తి కాకముందే ఆవిరైపోతుంది. పైగా ఒక్కో పందెం ఇంతకు మించకూడదని ఒక పరిమితి, ఇన్ని రోజుల్లో పూర్తి చేయాలని గడువు, రౌలెట్, బ్లాక్‌జాక్ లాంటివి ఆడితే లెక్కలోకి పదో వంతే వస్తుందని ఇంకో మెలిక. ఒక్కటి తప్పినా 'బోనస్ దుర్వినియోగం' కింద గెలుపు రద్దు. బ్రిటన్ ఈ షరతుని కూడా 2026 జనవరి నుంచి 10 రెట్లకు మించకూడదని కట్టడి చేసింది. 10 రెట్లంటే పై లెక్కలో లక్ష పందెం, సగటు నష్టం 4,000. షరతు ఒక్కటి మారితే బోనస్ అనే మాటకి అర్థమే మారిపోయింది చూశారా?

కాబట్టి బోనస్ అంటే ఉచితంగా ఇచ్చిన డబ్బు కాదు. మిమ్మల్ని కొన్నాళ్లపాటు అక్కడే కూర్చోబెట్టడానికి వేసిన కుర్చీ. షరతులన్నీ దాటుకుని లేచి నిలబడ్డవాడికి ఎదురయ్యే ఆఖరి అడ్డంకి కేవైసీ.

'అన్నయ్యా, పాన్ రిజెక్ట్ అయింది'

పోయిన ఏడాది మా పిన్ని కొడుకు తెనాలి నుంచి ఫోన్ చేశాడు. బీటెక్ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. పేరు రాయొద్దన్నాడు, విషయం మాత్రం రాయమన్నాడు.

'అన్నయ్యా, పాన్ కార్డు ఫొటో రెండుసార్లు రిజెక్ట్ అయింది. ఎలా తీస్తే తీసుకుంటుంది? నువ్వు చేసేది ఇదే పని కదా!'

'ఏ బ్యాంకురా?'

కాసేపు మాట లేదు. 'బ్యాంకు కాదులే..' అన్నాడు.

నెలన్నరలో దఫదఫాలుగా 22,000 వేశాడట. తెర మీద 61,400 ఉంది. విత్‌డ్రా కొడితే కేవైసీ అన్నారు. ఆధార్ ఇచ్చాడు, పాన్ ఇచ్చాడు, కార్డు పట్టుకుని సెల్ఫీ దిగాడు. పేర్లు కలవలేదని తిప్పికొట్టారు. మన తెలుగువాళ్లకి ఇదొక పాత తలనొప్పి. ఆధార్‌లో ఇంటిపేరు ముందు ఉంటుంది, పాన్‌లో చివరికి వెళ్తుంది, బ్యాంకు పాసుపుస్తకంలో ఒక్క అక్షరమైపోతుంది. మూడూ ఒకే మనిషివి అని చిన్నపిల్లాడికీ తెలుసు. పద్ధతైన సంస్థలైతే ఇలాంటి తేడాని సర్దడానికే మాలాంటివాళ్లతో కోడ్ రాయిస్తాయి. డబ్బు ఇవ్వడం ఇష్టం లేనివాడికి మాత్రం అది బంగారం లాంటి సాకు.

మూడోసారి ఫొటో 'ఓకే' అయింది. ఆ వెంటనే చాట్‌లో ఇంకో మెసేజ్. 'మీ గెలుపు మీద 30 శాతం పన్ను, అంటే 18,420 ముందుగా కట్టండి. కట్టిన గంటలో మొత్తం మీ ఖాతాలో పడుతుంది.'

అక్కడ ఆపాను వాణ్ని. మన దేశంలో ఆన్‌లైన్ ఆటల్లో గెలిచిన సొమ్ము మీద 30 శాతం పన్ను అన్నది నిజమే. కానీ 2023 ఏప్రిల్ నుంచి ఉన్న నిబంధన ప్రకారం ఆ పన్నుని ఆడించే సంస్థే గెలిచిన డబ్బులోంచి కోసుకుని ప్రభుత్వానికి కట్టాలి. గెలిచినవాడు ఎదురు డబ్బు పంపడం అనేదే లేదు. 'పన్ను ముందు కట్టు', 'వెరిఫికేషన్ డిపాజిట్ వెయ్యి' అని ఎవడన్నా అంటే ఆ తెర మీదున్న అంకె వట్టి అంకెేనని అర్థం.

18,420 దక్కింది. 22,000 మాత్రం పోయింది. అంతకంటే పెద్ద విషయం ఇంకోటుంది. వాడి ఆధార్, పాన్, సెల్ఫీ ఎవడో ముక్కూమొహం తెలియనివాడి దగ్గర ఉండిపోయాయి. కొన్నాళ్లకి చూస్తే వాడి పేరు మీద వాడికి తెలియని సిమ్ ఒకటి నడుస్తోంది. అది ఆ సైటు వల్లే అని నేను రుజువు చేయలేను. కానీ వాడు ఆ ఏడాది అన్ని కాగితాలూ కలిపి ఇచ్చింది అక్కడొక్క చోటే.

అసలు ఎవరికిస్తున్నాం?

చట్టం సంగతి కూడా చూద్దాం. తెలంగాణ 2017లోనే తన గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే చేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ చట్టం చేసింది, ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదించారు. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు పెట్టి ఆడించే ఆన్‌లైన్ ఆట ఏదైనా దాని కింద నేరమే. నడిపేవాళ్లకి 3 ఏళ్ల వరకు జైలు, కోటి వరకు జరిమానా. ప్రకటనలిచ్చేవాళ్లకి 2 ఏళ్లు, 50 లక్షలు.

అంటే తెలుగులో బోనస్ ప్రకటన ఇచ్చి, మన యూపీఐలో డబ్బు తీసుకునే ఆన్‌లైన్ కేసినోకి ఇక్కడ చట్టబద్ధత లేదు. 'మాకు విదేశీ లైసెన్స్ ఉంది' అని పేజీ అడుగున ఒక ముద్ర వేస్తారు. చాలావాటి మీద కనిపించే పేరు కురసావ్. కరీబియన్ సముద్రంలో చిన్న దీవి. అక్కడ ఏళ్ల తరబడి నలుగురి దగ్గర అసలు లైసెన్స్‌లు, వాళ్ల కింద ఉప లైసెన్స్‌లు అన్న పద్ధతి నడిచింది. విమర్శలొచ్చాక 2024 డిసెంబరులో కొత్త చట్టం తెచ్చారు. కానీ ఆ ముద్ర నిజమైనదే అయినా తెనాలి కుర్రాడికి ఒరిగేదేముంది?

ఒరగకపోగా తిరగబడుతుంది. చాలా సైట్ల షరతుల్లో 'మీరు నిషేధం ఉన్న ప్రాంతం నుంచి ఆడితే గెలుపు చెల్లదు' అని ఒక వాక్యం ఉంటుంది. డబ్బు వేసేటప్పుడు ఊరు అడగరు. విత్‌డ్రా అప్పుడు ఆధార్‌లో చిరునామా చూసి 'అయ్యో, మీది నిషేధిత రాష్ట్రం' అంటారు. మీరిచ్చిన కార్డే మీకు డబ్బు ఇవ్వకపోవడానికి సాక్ష్యం అవుతుంది! పద్మవ్యూహంలోకి దారి తెలిసి బయటికి దారి తెలియనివాడు అభిమన్యుడు. ఇక్కడ తేడా ఒక్కటే, బయటికి దారి కట్టనేలేదు.

లైసెన్స్ నిబంధనలు పాటించే చోట గుర్తింపు తనిఖీ ఆడేవాడికి రక్ష. ఏ అధికారికీ జవాబు చెప్పనక్కర్లేని చోట అదే తనిఖీ ఇంకో దోపిడీ. మొదటిది డబ్బు దోపిడీ, రెండోది మనిషి పేరునే దోచుకోవడం. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. ఆధార్ నంబరు, పుట్టినతేదీ, మొహం మార్చుకోలేం కదా! వాటితో ఇంకొకడు సిమ్ తీసుకోవచ్చు, అప్పుల యాప్‌లో అప్పు చేయొచ్చు, మోసం డబ్బు తిప్పడానికి ఖాతా తెరవచ్చు. ఆ ఖాతా మీద ఎక్కడో వేరే రాష్ట్రంలో కేసు పడితే పోలీసులు ముందు వెతుక్కుంటూ వచ్చేది కార్డు మీదున్న పేరు కోసమే.

ఇప్పటికే ఇచ్చేసి ఉంటే..

కంగారు పడొద్దు. సిగ్గుతో దాచుకోవద్దు. ఇవి ఈ రోజే చేయండి.

పన్నన్నా, ఫీజన్నా, డిపాజిట్ అన్నా ఇంకో రూపాయి పంపొద్దు. చాట్‌లు, యూపీఐ లావాదేవీ నంబర్లు, సైటు పేరు అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.

1930 నంబరుకి ఫోన్ చేయండి, లేదా సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు వెళ్లిన ఖాతాని ఆపే అవకాశం అంత ఎక్కువ. కేంద్ర చట్టంలో ఆడినవాడికి శిక్ష లేదు. ఆంధ్రా చట్టంలో మాత్రం ఆడేవాళ్లకీ 6 నెలల వరకు జైలు ఉంది. ఆ భయంతోనే చాలామంది నోరు మెదపరు, సైటువాళ్లకి కావాల్సిందీ అదే. భయంగా ఉంటే తెలిసిన లాయరుని ఒక మాట అడిగి వెళ్లండి, కానీ వెళ్లండి.

'సంచార్ సాథీ' పోర్టల్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో కనిపిస్తుంది. మీది కానిది ఉంటే అక్కడే చెప్పొచ్చు. మా తమ్ముడు ఆ తెలియని సిమ్‌ని పట్టుకున్నది దానిలోనే.

యూఐడీఏఐ సైట్లో మీ ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకోండి. మీ ఆధార్‌ని ఈమధ్య ఎక్కడెక్కడ వాడారో కూడా అక్కడే చూడొచ్చు. ఇకమీదట ఎవరికైనా ఆధార్ కాపీ ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే 'మాస్క్‌డ్ ఆధార్' సరిపోతుందేమో ముందు అడగండి. ఫలానా పని కోసం, ఫలానా తేదీన అని కాపీ మీద అడ్డంగా రాసి ఇవ్వండి.

మీ క్రెడిట్ రిపోర్ట్ తీసి చూడండి. ఏడాదికోసారి ఉచితంగా ఇస్తారు. మీరు తీసుకోని అప్పు అందులో ఉంటే ఆ అప్పిచ్చిన సంస్థకీ, క్రెడిట్ బ్యూరోకీ వెంటనే రాతపూర్వకంగా తెలపండి.

ఇంట్లో 20 ఏళ్ల కుర్రాళ్లున్న అమ్మానాన్నలకి ఒక మాట. 'జూదం ఆడుతున్నావా?' అని నిలదీస్తే ఎవరూ నిజం చెప్పరు. 'ఈమధ్య ఆధార్ ఫొటో ఎవరికైనా పంపావా నాన్నా?' అని అడిగి చూడండి. తిట్టరని తెలిస్తే చెబుతారు. 18,420 పంపేలోపే చెబుతారు.

ఇక మీకు ఏ సైటైనా, ఏ యాప్ అయినా బోనస్ ఇస్తానంటే ఒక్క పరీక్ష పెట్టండి. డబ్బు తీసుకునేటప్పుడు నువ్వెవరని అడగనివాడు, తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం అడుగుతున్నాడంటే వాడికి మీరెవరో తెలుసుకోవాలని లేదు. మీ డబ్బు తిరిగి ఇవ్వాలని లేదు, అంతే.